వానను వద్దనని కోచ్

విదేశీ కోచ్ అంటే మావాళ్ళ మనసులో ఒక బొమ్మ ఉంది. ఎర్రగా, పొడుగ్గా, నెత్తిన టోపీతో, అర్థంకాని ఇంగ్లీషుతో ఉంటాడని. అందుకే సోమందేపల్లె పక్కన గొర్రెలు కాసుకునే బయ్యన్న కూతురు అరుణజ్యోతి ఒక దేశానికి విదేశీ కోచ్ అయిందంటే ఎవరూ నమ్మలేదు. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. ఎండకు కాగిన మొహం, అరిస్తే మూడు వీధులకు వినబడే గొంతు. "మన పాప విదేశీ ఎట్లయితాదమ్మా?" అని బస్టాండులో ఒక పెద్దమనిషి నన్నే నిలదీశాడు. వాళ్ళకు మనమే కదా విదేశం అన్నాను. కాసేపు ఆలోచించి, నేను ఎగతాళి చేస్తున్నాననుకుని వెళ్ళిపోయాడు.

నేను తెలుగు టీచర్ని, పేరు హేమలత. జ్యోతీ నేనూ ఒకే గురుకుల పాఠశాలలో ఎనిమిదేళ్ళు పనిచేశాం. తను పిల్లలకు ఆటలు నేర్పేది. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. బంతి అవతలివాళ్ళ గోల్‌లో పడితే మంచిది, మన గోల్‌లో పడితే జ్యోతికి రెండు రోజులు అన్నం సహించదు. అంతే.

మా స్కూలు గ్రౌండులో గడ్డిపరక లేదు. అంతా ఎర్ర గరుసు. పడితే మోకాలి చర్మం అక్కడే ఉండిపోతుంది. జ్యోతి ఆ స్కూల్లోనే చదివి, ఆ గరుసులోనే ఆడి, మళ్ళీ అక్కడికే టీచరుగా వచ్చింది. గట్టినేల మీద బంతిని పైకి లేపితే అది ఎగిరెగిరి చేతికందకుండా పోతుంది. కాబట్టి తను నేర్పే మొదటి పాఠం ఒకటే: "బంతిని నేలకంటించి పంపండే!" ఆ కేక నాకు తరగతి గదిలోకి వినబడేది. నేను ఛందస్సు చెబుతుంటే పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

కోచింగ్ పరీక్షలన్నీ పాసైంది. ఆరేళ్ళు రాష్ట్ర బాలికల జట్టుకు సహాయ కోచ్‌గా తిరిగింది. హెడ్ కోచ్ కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ దాంట్లో ఇంకెవరో కూర్చునేవారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. చివరికి ఎక్కడో తూర్పు సముద్రంలో ఒక చిన్న దీవి దేశం, తన మహిళల జాతీయ జట్టుకు కోచ్ కావాలని ప్రకటన ఇచ్చింది. వరసగా ఓడిపోతున్న జట్టు కాబట్టి పేరున్నవాళ్ళెవరూ అటు చూడలేదు. మా జ్యోతి చూసింది. ఇక్కడ ఎవరికీ పట్టని మనిషిని అక్కడ విమానాశ్రయంలో పూలదండ వేసి పిలుచుకున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సంగతి ఆ దేశంలో కూడా తెలుసన్నమాట.

ఇక్కడ జ్యోతి చిన్నప్పటి ముచ్చట ఒకటి చెప్పాలి. పదకొండేళ్ళప్పుడు పెనుకొండలో దానికి మొదటి పెద్ద మ్యాచ్. బయ్యన్న గొర్రెలను ఎవరికో అప్పగించి చూడటానికి వెళ్ళాడు. ఆట మొదలయ్యే ముందు వాన పట్టుకుంది, మ్యాచ్ రద్దయింది. "థూ, ఈ పాడు వాన ఇప్పుడే రావల్లా? పోతే పీడా పోతాది" అంది పిల్ల. బయ్యన్న తిట్టలేదు, కొట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నాడట, "వానను వద్దనగూడదు పాపా. ఒగసారి వద్దంటే మళ్ళా మన దిక్కు చూడదు."

ఆ ఏడు మళ్ళీ చినుకు పడలేదు. సగం మందను అమ్ముకున్నాడు. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు, కానీ పిల్ల లోపల ఆ మాట ముల్లులా ఉండిపోయింది. నీ నోటి మాటకు ఆగిపోయేంత తీరిక వానకు లేదే అని వందసార్లు చెప్పాను. "తెల్సక్కా" అనేది. తెలిసీ లాభం లేకపోయింది. ఆ మాటకొస్తే ఇంత చదువుకున్న నేను కూడా, ఆరేసిన బట్టలు తడిసిపోతున్నా వానను ఒక్క మాట అనను. మా గడ్డ మీద పుట్టినవాళ్ళెవరూ అనరు.

అలాంటి మనిషి రోజూ వాన కురిసే దేశంలో దిగింది.

అక్కడ గట్టి వానొస్తే ఆటగాళ్ళు ప్రాక్టీసు ఆపి లోపలికి వెళ్తారు. మొదటి వారమే వానొచ్చింది. అమ్మాయిలు లోపలికి పరుగెత్తారు. మా కోచమ్మ మాత్రం గ్రౌండు మధ్యలో మొహం పైకెత్తి నిలబడి, "బయటికి రండే!" అని తెలుగులోనే కేకేసింది. వానొస్తే బయటికి రావాలి గానీ లోపలికి పోవడమేమిటని దాని ఆశ్చర్యం. ప్రాక్టీసు ఆపండి అనాలంటే వానను వద్దన్నట్టు ఉంటుందని భయం. ఇద్దరమ్మాయిలకు జ్వరం వచ్చింది, ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు పిలిచి చీవాట్లు పెట్టాడు. మా జ్యోతి తల ఊపి వచ్చి, మర్నాడు మళ్ళీ వానలోనే ఆడించింది.

పోనీ గెలిచారా అంటే, తొలి ఏడాది ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఎనిమిదీ ఓడారు. తప్పు తనదేనని ఫోన్‌లో నాకు తనే ఒప్పుకుంది. "ఈడ నేల మెత్తనక్కా. అంటించి పంపితే బంతి నీళ్ళల్లో నిలబడిపోతాండాది. నేను నేర్పిందంతా మన గరుసు ఆట. ఈడ సెల్లదు." జట్టు కెప్టెన్ సెలీ ఒకరోజు గుంటలో ఆగిన బంతిని కాలివేళ్ళతో లేపి అవతలికి వేసిందట. జ్యోతి అలవాటుకొద్దీ తిట్టబోయి, ఆగి, "మళ్ళా చెయ్" అందట. అప్పట్నుంచి ఆట మారింది. అయినా రెండో ఏడు కూడా గెలుపు రాలేదు. సంఘం వాళ్ళ ఓపిక అయిపోయింది. పక్క దీవితో ఇంకొక్క మ్యాచ్. అదీ ఓడితే మహిళల జట్టునే ఎత్తేస్తాం, కోచ్ ఇంటికి వెళ్ళవచ్చు అన్నారు.

"నేను వచ్చేస్తే వచ్చేస్తానక్కా. ఆ గరుసు నాకేమీ కొత్త గాదు. ఈ ఇరవైమంది పిల్లోళ్ళు యాడికి పోవల్ల?" అంది. నాకు ఆ రోజు పాఠం చెప్పబుద్ధి కాలేదు.

మ్యాచ్ వాళ్ళకు సాయంత్రం, మనకు పొద్దున పది. ఆదివారం కాబట్టి బయ్యన్న ఇంటికి వెళ్ళాను. ఇక్కడ ఆగస్టు వచ్చినా చినుకు లేదు. వేరుశనగ చెట్లు చేతికి నలిగి పొడి అవుతున్నాయి. ఎనిమిదికే బయలుదేరాల్సిన గొర్రెలు దొడ్లోనే ఉండి గోల పెడుతున్నాయి. నా ఫోన్‌ను ఒక బస్తాకు ఆనించి కూర్చున్నాం. తెరంతా వాన. బంతి కనబడటమే కష్టంగా ఉంది. బయ్యన్న మొహం దగ్గరగా పెట్టి, "ఏం వానప్పా! ఈడ ఒగ గంట పడినా చాలు" అన్నాడు.

ఎంతసేపటికీ ఆట మొదలవలేదు. ఎందుకో ఆ తర్వాత జ్యోతి చెబితే తెలిసింది. ఇద్దరు కోచ్‌లూ సరేనంటే రేపటికి మారుస్తానని రిఫరీ అడిగాడు. అవతలి కోచ్ వెంటనే సరేనన్నాడు. రేపు ఎండ కాస్తుంది, మన డిఫెండర్‌కు జ్వరం కూడా తగ్గుతుంది, ఒప్పుకో అని అధ్యక్షుడు చెవిలో పోరుపెట్టాడు. బుద్ధున్న మనిషి ఎవరైనా ఒప్పుకుంటారు. జ్యోతి నోరు తెరిచింది. "వాన వద్దు, రేపాడదాం" అన్నంత చిన్న మాట. అది నోట్లోంచి రాలేదు. "ఆడదాం" అంది. అధ్యక్షుడు తల పట్టుకున్నాడట.

మొదటి సగమంతా అవతలివాళ్ళు నేలబారుగా పంపిన బంతి పంపినచోటే బురదలో ఆగిపోయింది. వాళ్ళు కాళ్ళు జారి పడుతున్నారు. మనవాళ్ళు మాత్రం రెండేళ్ళుగా వానలోనే బతికినవాళ్ళు, గుంట ఎక్కడుందో కాలికి తెలుసు. డెబ్బయ్యో నిమిషంలో ఒక బంతి అవతలి గోల్ వైపు దొర్లింది. గోల్‌కీపర్ అది తన చేతుల్లోకే వస్తుందని కాచుకుని నిలబడింది. అది రాలేదు. ఆరడుగుల ముందు గుంటలో ఆగింది. ఆగుతుందని తెలిసిన సెలీ అప్పటికే పరుగులో ఉంది. ఒక్క తన్ను.

నేను అరిచిన అరుపుకు గొర్రెలు నోరు మూశాయి. ఇక మిగిలిన ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. ప్రతి రెండు నిమిషాలకూ బయ్యన్న "అయిపోయనా?" అని అడిగాడు. చివరి విజిల్ వినబడగానే బస్తా మీద కూలబడి ఏడ్చాను. బరువు దిగిన ఏడుపు అది, సిగ్గుపడలేదు.

గంట తర్వాత జ్యోతి ఫోన్ చేసింది. జట్టు ఉంటుందట, తనను ఇంకో రెండేళ్ళు ఉండమన్నారట. అక్కడి పేపర్లవాళ్ళు వాన ఎత్తుగడ అదిరిందని మెచ్చుకుంటూ చుట్టుముట్టారట. "ఎత్తుగడ ల్యా పాడూ ల్యా అక్కా. నోరు రాల్యా, అంతే" అని పగలబడి నవ్వింది. దాని నవ్వు విని ఎన్ని నెలలైందో. "గెలిచినాక ఏమైనా అనొచ్చులే, ఎత్తుగడే అని చెప్పు" అన్నాను.

ఫోన్ బయ్యన్న చేతికిచ్చాను. గెలుపు గురించి ఏదో ఒక ముక్క అంటాడని చూస్తున్నాను.

"పాపా, ఆడ వాన ఇంగా పడతాండాదా?"

"పడతాండాది నాయనా."

"ఆటప్పుడు నిన్నేమన్నా అడిగినారా, వాన వద్దా అని?"

"అడిగినారు నాయనా. నేను వద్దనల్యా."

బయ్యన్న కళ్ళు తుడుచుకున్నాడు. పదకొండేళ్ళ పిల్లతో రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నందుకు ఇన్నేళ్ళూ ఈయన కూడా కుమిలాడని నాకప్పుడు తెలిసింది. "మంచి పని చేసినావు. అప్పుడు గూడా వాన నీవల్ల పోల్యా పాపా. నాకు తెల్సు" అన్నాడు.

ఫోన్ నాకిచ్చి లేచాడు. దొడ్డి తడిక తీసి, పొద్దుట్నుంచి ఆకలితో ఉన్న గొర్రెలను బయటికి తోలుకుపోయాడు.