సల్గే నోట మాట

సల్గే హెంబ్రమ్ పదకొండేళ్లుగా జంషెడ్‌పూర్‌లో ఓ ఆసుపత్రి ఆయా. వార్డులో ఆమె తెగ భాష సంతాలీ వినబడితే పనిలోంచి తీసేస్తానని పెద్ద సిస్టర్ చెప్పినప్పటి నుంచి, ఆసుపత్రి గడప తొక్కగానే పెదవులు బిగించేస్తుంది. అడిగినదానికి మాత్రం హిందీలో జవాబిస్తుంది.

మొన్న ఒక ముసలాయన ఆమె మణికట్టు మీది పచ్చబొట్టు చూసి చెయ్యి పట్టుకున్నాడు. "మన సంతాల్ పిల్లవే కదే! ఒక్క మాట మాట్లాడు తల్లీ, భయమేస్తోంది," అన్నాడు సంతాలీలో. సిస్టర్ పక్క మంచం దగ్గరే ఉంది.

"మీ భాష నాకు రాదు బాబా," అంది సల్గే హిందీలో.

ముసలాయన చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు. సాయంత్రానికి పోయాడు. శవాన్ని తుడుస్తూ సల్గే తన ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరు సంతాలీలో ఆయనకు చెప్పుకుంటూ పోయింది. గొంతు వార్డంతా వినబడింది.

సిస్టర్ మంచం దగ్గరికి వచ్చింది. "ఇప్పుడెవరికే చెబుతున్నావు?" అంది మెల్లగా.