దేవరాజు బావ రీప్లే

మా దేవరాజు బావ ఏ సంగతినీ ఒక్కసారి చూసి నమ్మడు. జరిగింది మళ్ళీ జరిగి తీరాల్సిందే. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని మా చెల్లెలు ఒప్పుకుంటే, "ఏ చేత్తో వేసినావు? వేసి చూపించు" అంటాడు. ఆమె చూపిస్తుంది. మూడోసారి కూడా పడుతుంది.

ఈ మనిషి గిద్దలూరు చుట్టుపక్కల సాఫ్ట్‌బాల్ పోటీలకు అంపైర్. టీవీ ఆటల్లో రీప్లే చూసినప్పటి నుంచీ మనకూ ఉండాలని పట్టు. కెమెరా లేదు గనక మనుషులతోనే కానిస్తాడు. తగాదా వస్తే అందరూ ఎవరి చోట్లకు వాళ్ళు పోయి అదే ఆట మళ్ళీ ఆడాలి.

"అప్పుడు ఎడమ మోకాలి మీద పడినావు తల్లీ. ఇప్పుడు కుడి మీద పడితే ఎట్ల?"

కొమరోలులో ఆట మధ్యలో ఒక కుక్క అడ్డం పోయింది. రీప్లే కోసం దాన్ని బిస్కెట్లు పెట్టి పిలుచుకొచ్చారు. ఈసారి నిదానంగా నడిచిందని బావ దాన్ని వెనక్కి పంపాడు.

మొన్న గిద్దలూరులో ఆడపిల్లల ఫైనల్. జిల్లా జట్టును ఎంపిక చేసే సెలక్టర్ జీవానందం ఒంగోలు నుంచి ఇంకా రాలేదు. అర్ధవీడు పిల్ల ఉమకు వయసు ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. ఆట ముగింపుకొచ్చింది. అర్ధవీడు ఒక్క పరుగు వెనకబడి ఉన్నప్పుడు ఉమ లాగి కొట్టింది. బంతి హద్దు తాడు దాటింది. నేరుగా దాటితే హోమ్ రన్, స్కోరు సమం. నేల తాకి దాటితే రెండు బేస్‌లే, పరుగు రాదు.

"తాకింది సార్. దుమ్ము లేచింది" అంది అవతలి జట్టు కోచ్ కృపారాణి మేడం.

"తాకలేదు సార్" అంది ఉమ.

"రీప్లే" అన్నాడు బావ. మాట పూర్తికాకముందే టీ బండి ఆయన మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టాడు.

ఉమ కొట్టింది. బంతి తాడు మీదుగా ఎక్కడికో పోయింది.

"తప్పు. అప్పుడు ఇంత దూరం పోలేదు. మళ్ళీ కొట్టు."

ఈసారి కంది చేనులో పడింది.

"ఏంది తల్లీ, అప్పటి మాదిరి కొట్టమంటే నీ ఇష్టమొచ్చినట్టు కొడతావు?"

"నా చెయ్యి పడిపోతాంది తాతా" అంది బంతి వేసే పిల్ల.

"అప్పుడు పడిపోలేదు గదా. రీప్లేలోనూ పడిపోకూడదు."

అంతలో బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, చెమట తుడుచుకుంటూ జీవానందం తాడు దగ్గరికి వచ్చాడు. బంతి ఆయన తల మీదుగా పోయింది. ఆయన వెనక్కి తిరిగి చేను వైపు చూశాడు, మళ్ళీ ఉమ వైపు చూశాడు.

"ఇదీ తప్పే" అన్నాడు బావ. ఇంకో రెండు తప్పులు కొట్టించి అప్పుడు తీర్పు చెప్పాడు. "మొదటి దెబ్బ నేల తాకింది. రెండు బేస్‌లే."

ఉమ మొహం చిన్నబోయింది. తర్వాతి పిల్ల అవుటైంది. అర్ధవీడు ఓడిపోయింది.

జీవానందం ఉమను దగ్గరికి పిలిచాడు. "ఆ తప్పులన్నీ నువ్వే కొట్టినావా తల్లీ? వచ్చే వారం ఒంగోలుకు రా. అక్కడా ఇట్లనే తప్పులు కొట్టు."

తిరుగు బస్సులో బావను అడిగాను. "నేల తాకింది నువ్వు చూడలేదా?"

"ఊరంతా చూసింది. నేను చూడనా?"

"మరి ఆ రీప్లే ఏంది?"

"సెలక్టర్ బస్సు కంభం దగ్గర పంచరైందని ఫోన్ వచ్చింది బావా. తీర్పు మార్చలేను. ఆలస్యం చెయ్యగలను." గొంతు తగ్గించాడు. "కృపారాణి మేడంకు చెప్పబాకు. గొడవ చేస్తుంది."

నేను నవ్వి కిటికీ వైపు తిరిగాను. చేనులో పోయిన ప్రతి బంతికీ బదులు, తన జట్టు సంచిలోంచి కొత్తది తీసి కిక్కురుమనకుండా అందించింది ఆ మేడమే.