బూరుగు దూది కోటు

మేమున్న దీవిలో, బతు బస్తీ అనే పేటలో, మా చర్చి పక్క వరండాలో ప్రతి గురువారం మధ్యాహ్నం కుట్టుపని ఆడవాళ్ళు కూర్చునేవారు. తొక్కుడు మిషన్లు, గుడ్డముక్కల సంచులు, ఒక పెద్ద చాప, టీ కెటిల్, వీటి చుట్టూ కబుర్లు. స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, గవ్వల తెరలు తయారయ్యేవి. అన్నిటికన్నా ఎక్కువగా పాత చీరల బొంతలు కుట్టేవారు. ఇదంతా నడిపేది మా పెద్దమ్మ. పెదనాన్న రాజమండ్రి వైపు నుంచి రోడ్డు పనులకు ఓడెక్కి వచ్చినప్పుడు ఆమె ఒక ట్రంకు పెట్టె, ఒక చేతి మిషను పట్టుకుని ఆయన వెంట దిగింది. మేము అక్కడికి వెళ్ళేనాటికి ఆమె ఊరందరికీ దీదీ అయిపోయింది.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, జనరేటర్లు బిగించే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. సెలవు దొరికిన గురువారాల్లో మిషన్లకు నూనె వెయ్యడం, బెల్టు కుదించడం, వంగిన సూదులు మార్చడం నా వాటా పని.

ఆ వానాకాలం కార్ నికోబార్ దీవిలో పని పడి చాలా వారాలు రాలేకపోయాను. తిరిగి వచ్చిన గురువారం వరండాలోకి అడుగుపెట్టేసరికి చాప మీద కొత్త వస్తువులు వరసగా పరిచి ఉన్నాయి. చేతులు లేని పొట్టి కోట్లు. నారింజ రంగు గుడ్డ, ముందు కట్టుకోవడానికి నాడాలు, లోపల లావుగా ఏదో కూరి ఉంది.

"లైఫ్ జాకెట్లురా," అంది పెద్దమ్మ. "వండూర్ అమ్మాయి అడిగింది."

వండూర్ అమ్మాయి అంటే శ్రీకాకుళం సముద్రతీరం నుంచి వచ్చిన చేపలవేట కుటుంబపు కోడలు. వారానికొకసారి బస్సులో వచ్చి మాతో కూర్చునేది. ఆమె భర్త డోంగీ అనే చిన్న ఇంజను పడవ వేసుకుని పడమటి సముద్రంలోకి వేటకు వెళ్ళేవాడు. అతని దగ్గర ఈతకు ఆసరాగా ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బా తప్ప మరేమీ ఉండేది కాదు. కొనడానికి బజారులో దొరికేవి లేవు. పెద్దమ్మ ఇంట్లో ఓడనుంచి తెచ్చిన పాత జాకెట్టు ఒకటి పడి ఉంటే దాన్ని విప్పి, కొలతలు తీసి, అందరూ కలిసి కుట్టడం మొదలుపెట్టారట. లోపల బూరుగు దూది. దూదిని మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కూరి, ఇస్త్రీపెట్టె అంచుతో మూతులు అతికించారు. అంతవరకు పాత జాకెట్టులో ఉన్నట్టే ఉంది.

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ముందూ వెనకా అడ్డంగా నిలువుగా సన్నటి కుట్లు నడిచాయి, చక్కగా, దగ్గరదగ్గరగా.

"ఈ గళ్ళు దేనికి పెద్దమ్మా?"

"దూది జారకుండా. ఆ ఓడవాళ్ళ పని చూడాలి నువ్వు. లోపల సంచులు అటూ ఇటూ దొర్లుతున్నాయి. ఒక్క టాకా లేదు. అలాంటిది మనం ఎవరికైనా ఇస్తామా?"

"ప్లాస్టిక్ సంచి మీద నుంచే కుట్టారా?"

"మరి పైగుడ్డకే కుడితే దూది ఎలా ఆగుతుంది?" అంది లంబాలైన్ నుంచి వచ్చే టీచరమ్మ, మిషను ఆపకుండానే. "ఆప్ డిప్లొమావాలే హో భయ్యా, బొంత కుట్టడం మీకు తెలీదులే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చేతిలోని కోటును కింద పెట్టలేకపోయాను. సూది దిగిన ప్రతిచోటా సంచికి చిల్లు పడుతుంది. ఒక్కో వరసలో ఎన్ని చిల్లులో లెక్కపెట్టే పని లేదు, కంటికే కనబడుతున్నాయి. పైగా కుట్టు బిగిసినచోట దూది అణిగిపోయింది. బూరుగు దూది తేలేది దాని పోగుల్లో ఉన్న గాలివల్ల. గాలికి చోటు లేకుండా బిగించి, నీటికి దారి ఇచ్చారు.

నోటితో చెబితే వాదన అవుతుందని, కోటుకి పచ్చడి బండ కట్టి చర్చి వెనక సిమెంటు తొట్టెలో వేశాను. తేలింది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. కెటిల్ వచ్చింది, టీలు పోసుకున్నారు. కుట్ల పొడవునా సన్నటి బుడగలు బయలుదేరాయి. మొదట ఒక వరస, తరవాత అన్ని వరసలూ. కోటు భుజాలదాకా దిగింది. ఇంకాసేపటికి నారింజ రంగు నీటి కింద మసకబారి, బండతో పాటు తొట్టె అడుగున కూర్చుంది.

ఒక్కొక్కరే కప్పులు కింద పెట్టారు.

"అన్నీ ఇక్కడే ఉన్నాయా?" అని అడిగాను.

పెద్దమ్మ చాపవైపు చూడలేదు. "అందరికన్నా ముందు పూర్తయింది ఆ అమ్మాయిదే," అంది. "పోయిన గురువారం పట్టుకెళ్ళిపోయింది. ఇవాళ ఎందుకు రాలేదో."

వాన పొద్దుటినుంచి ఆగి ఆగి పడుతోంది. పడమటి గాలికి కొబ్బరి మట్టలన్నీ ఒకవైపే వంగి ఉన్నాయి.

పెద్దమ్మ లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుని గొడుగు తీసుకుంది. వండూర్ బస్సులో ముగ్గురం ఎక్కాం. టీచరమ్మ పిలవకుండానే వచ్చింది. దారంతా ఆమె వాదిస్తూనే ఉంది.

"దీదీ, అతను వేటకి వెళ్ళకుండా ఇంట్లో ఉంటే చెబుదాం. వెళ్ళిపోయి ఉంటే మాత్రం ఇప్పుడే వద్దు. ఆవిడేం చేస్తుంది చెప్పండి? అతనికి వైర్‌లెస్ ఉందా, కేకేస్తే వినబడుతుందా? వచ్చాక చెప్పొచ్చు."

"రాకపోతే?"

"ఛ, అదేం మాట."

"చెప్పకుండా దాని పక్కన కూర్చుని నేను అతని కోసం ఎదురుచూడాలా? అదేమో కోటుంది కదా అని ధైర్యంగా ఉంటే నేను తల ఊపాలా?"

టీచరమ్మ కిటికీ రేకు పైకెత్తి బయటికి చూసింది. వాన మొహాన కొడితే మళ్ళీ దించేసింది.

వండూర్ ఒడ్డున డోంగీలన్నీ ఇసుకలోకి లాగి ఉన్నాయి. ఒకచోట ఖాళీ. ఆ ఖాళీ పక్కనే, తలమీద ప్లాస్టిక్ గోనె కప్పుకుని ఆమె నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది.

"ఏటి దీదీ, ఇంత వానలో ఇలగొచ్చేశారు? నాను రాలేదని తిట్టడానికా? ఈడు తెల్లారగట్ల ఎల్లాడు. గాలి సూస్తే కాలు కదలనేదు, ఉండిపోనాను."

"మిగతావాళ్ళు వచ్చేశారు కదే."

"వచ్చీసారు. ఇంజను ఏదో మొరాయించుంటాది. ముందులాగయితే ఈపాటికి ఏడుస్తూ కూకుందును. ఇప్పుడు కోటుంది కదా." గోనె సర్దుకుంది. "ఏసుకోనన్నాడు. ఆడదాని రవికలాగుందంట. ఒడ్డుకొచ్చేదాకా ఇప్పొద్దని బిడ్డమీద ఒట్టేయించుకున్నాను. ఆ డబ్బా కూడా పడవలోంచి తీసీసాను. ఇంటికాడ నీళ్ళకి పనికొచ్చీసింది."

టీచరమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో బస్సులో చేసిన వాదన ఇంకా మిగిలే ఉంది. పెద్దమ్మ గొడుగు ముడిచేసింది. వానలో తడుస్తూ చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. కోటు తొట్టెలో వేశామనీ, మునిగిందనీ, గళ్ళు వెయ్యమన్నది తనేననీ.

ఆమె నవ్వు పూర్తిగా పోలేదు, అలాగే ఉండిపోయింది. నా వైపు తిరిగింది.

"ఎంతసేపు తేల్తాది భయ్యా?"

అబద్ధం చెప్పాలనే అనిపించింది. "టీ తాగి కప్పు కడుక్కునేంత సేపు," అన్నాను.

"మీరు తొట్లో ఏసిందానికా?"

"అవును."

"నాను ఇంకా వరసలేసాను," అంది. "ఇంటికి తీసుకొచ్చి చేత్తో మళ్ళీ ఏసాను. గట్టిగుండాలని మధ్య మధ్యలో అన్నీ నింపీసాను."

ఆమె గోనె విసిరేసి డోంగీల వైపు పరిగెత్తింది. అక్కడ ఒక పాక కింద పెద్దాయన ఒకడు, అతని కొడుకూ ఇంజను మీద టార్పాలిన్ కప్పుతున్నారు.

"మావా, పడవ దింపాల."

"ఈ గాలికా? పాగల్ హో గయీ క్యా. ఆడు పాయింటు కొండ సాటున ఆగుంటాడు. గాలి తగ్గేక వస్తాడు."

"ఆడు ఆగడు. కోటేసుకున్నానని దైర్యంతో వచ్చీస్తాడు. ఆ కోటు మునిగిపోతాది. నానే సెడగొట్టాను."

పెద్దాయన ఆమెనూ, వెనక తడుస్తూ నిలబడ్డ మమ్మల్నీ చూశాడు. కొడుకు భుజం తట్టి టార్పాలిన్ తీయించాడు. తాడు, బకెట్టు, తెడ్లు, ఆఖరున రెండు ఖాళీ డబ్బాలు పడవలో వేశారు. నేనూ ఒక పక్క పట్టుకుని తోశాను. కెరటం పడవ ముక్కును పైకెత్తి మళ్ళీ మా మీదికే విసిరింది. రెండోసారి తోశాం. అదీ నిలవలేదు.

మూడోసారికి కాళ్ళు నిలదొక్కుకుంటుండగా కొడుకు చెయ్యి చాపాడు. పాయింటు పక్కనుంచి ఒక డోంగీ వస్తోంది. ఇంజను చప్పుడు లేదు. ఒకే మనిషి, నిలబడి తెడ్డు వేస్తున్నాడు. ఒంటిమీద నారింజ రంగు కనబడుతోంది.

కెరటం వచ్చినప్పుడల్లా పడవ కనబడకుండా పోయి మళ్ళీ పైకి వచ్చేది. ఆమె నడుములోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. పెద్దమ్మ ఆమె కొంగు పట్టుకుంది. ఇద్దరూ అతన్ని పిలవలేదు. పిలిస్తే అతను తెడ్డు వదిలి చెయ్యి ఊపుతాడేమోనని భయపడ్డారని పెద్దమ్మ తరవాత చెప్పింది. ఒడ్డు దగ్గర కెరటం విరిగేచోట పడవ అడ్డం తిరిగింది. పెద్దాయన కొడుకు ఈది వెళ్ళి ముక్కు పట్టుకున్నాడు. మిగిలినవాళ్ళం తాడు అందుకుని లాగాం.

పడవ ఇసుక తగిలాక అతను దిగబోయి మోకాళ్ళమీద పడ్డాడు.

"ఏటిది, ఇంత బరువు," అన్నాడు రొప్పుతూ. "వానకి నానిపోయి బస్తాలాగయిపోనాది. తెడ్డెయ్యనివ్వలేదు. రెండుసార్లు ఇప్పేద్దారనుకున్నాను. ఒట్టేయించేసింది కదా ఇది."

ఆమె అతని ముందు కూర్చుని నాడాలు విప్పబోయింది. తడికి ముడులు బిగుసుకుపోయాయి. గోళ్ళతో లాగింది, పళ్ళతో పట్టింది, ఊడలేదు. నీళ్ళలో పడి ఉంటే అతనూ విప్పుకోలేకపోయేవాడు. ఆ సంగతి మా అందరికీ ఒకేసారి అర్థమైంది. ఆమె పడవలోంచి చేపల కత్తి తీసి నాడాలు ఒక్కొక్కటీ తెగ్గోసింది.

"అంత కష్టపడి కుట్టి కోసీసావేటి?" అన్నాడు అతను.

"నోరుమూసుకో," అంది. ఆ తరవాతే ఏడ్చింది.

ఆ రాత్రి చివరి బస్సులో పెద్దమ్మ నాడాలు తెగిన కోటును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీచరమ్మ తన తడిసిన కొంగు పిండుకుంటూ, "మంచిదే అయింది చెప్పడం," అంది, ఎవరితో అంటోందో తెలియకుండా.

తరవాతి గురువారాలన్నీ విప్పడానికే పోయాయి. కొత్త పద్ధతి అందరం కలిసి ఆలోచించాం. సన్నటి సంచులు చాలా చెయ్యడం, ఒక్కో సంచికి పైగుడ్డలో ఒక్కో అర, కుట్టు అరకీ అరకీ మధ్యనే పడడం, దూది వదులుగా కూరడం, ముడి బదులు ఒక్క లాగుతో ఊడే కట్టు. తొట్టెలో బండ కట్టి వేశాం. టీలయ్యాయి, మిషన్లు సర్దారు, చర్చి తలుపులు మూశారు. కోటు తేలుతూనే ఉంది. మేము సంతోషించాం. వండూర్ అమ్మాయి తొట్టె అంచున కూర్చునే ఉంది.

"బండతో నాకేటి పని," అంది. "మనిషిని మొయ్యాల."

సముద్రం నెమ్మదించిన ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం వండూర్ వెళ్ళాం. ఆమెకు ఈత రాదు. కోటు తనే తొడుక్కుంది, కట్టు రెండుసార్లు లాగి చూసుకుంది. భర్త, నేను చెరోపక్క గుండెల్లోతు నీళ్ళలో నిలబడ్డాం. అతను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"ముట్టుకోకండి. ముట్టుకుంటే ఎలగ తెలుస్తాది."

ఒడ్డున పెద్దమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వండూర్ అమ్మాయి కళ్ళు మూసుకుని కాళ్ళు ఎత్తేసింది. ఒక్కసారి కిందికి దిగింది. నీళ్ళు మెడ దాటి గడ్డం దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి.

చాలాసేపటి వరకు ఆమె కళ్ళు తెరవలేదు. మేమిద్దరం చేతులు చాచి, ఆమెకు తగలకుండా, చుట్టూ నడుస్తూనే ఉన్నాం.