పులివెందులలో రాణి వేషం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదువుతుండేదాన్ని. ఆడపిల్లల హాస్టల్లో మేం ఉన్నదే కొద్దిమందిమి. అందరూ పొద్దున్నే అద్దం ముందు చేరి జడలు వేసుకుని, బొట్లు పెట్టుకుని, ఒకరి తలలో ఒకరు పూలు తురుముకునేవాళ్ళు. ఆ సమయానికి నేను మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచేదాన్ని. నాకు పద్నాలుగో ఏట పెళ్ళయింది. కాపురానికి పోకముందే, వేముల దగ్గరి పల్లెలో నా భర్త విషజ్వరం వచ్చి పోయాడు. పెళ్ళిపీటల మీద తల వంచుకుని కూర్చున్నదాన్ని, ఆయన్ను సరిగ్గా చూసింది కూడా లేదు. చూసింది ఆయన పాదాలు. పారాణి పెట్టిన పెద్ద పాదాలు. ముఖం ఎంత గుర్తు చేసుకుందామన్నా వచ్చేది కాదు.

మా నాయన ముందే పోయాడు. పులివెందులలో బడిపంతులుగా ఉన్న మా అన్నే నన్ను చదివించాడు. ఊళ్ళో ఎన్ని మాటలన్నా లెక్కచెయ్యక, పై చదువుకు పంపాడు. హాస్టల్లో నా సంగతి ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. తెలిసినందువల్లే, వాళ్ళు నవ్వుకుంటున్నప్పుడు నేను గదిలోకి వస్తే కొంచెంసేపు ఆగి, తర్వాత వేరే మాట మొదలుపెట్టేవాళ్ళు. అందులో చెడ్డతనమేమీ లేదు. అయినా ఆ కొంచెంసేపు నాకు శానా పొడుగ్గా ఉండేది.

మా సంగీతం మాష్టారు కృష్ణా తీరం వారు. పాశ్చాత్యుల పాట నాటకాల గ్రామఫోన్ రికార్డులు తెప్పించుకుని వినేవారు. ఆ పద్ధతిలో తెలుగులో ఒక విషాద నాటకం తయారుచేశారు. నలుగురు పాడేవాళ్ళు, వయొలిన్, మృదంగం, తంబురా. అంతే.

“వచనం ఒక్క ముక్క ఉండదండీ. తలుపు తియ్యమనాలన్నా పాటలోనే తియ్యమనాలి,” అని మాకు చెప్పారు.

కథ ఆయన కల్పించిందే. రెండు వేల ఏళ్ళనాటి ఒక రేవుపట్నం. రాజు ఓడెక్కి దూరదేశానికి వెళతాడు, తిరిగి రాడు. ఓడ మునిగిందని మంత్రి వచ్చి చెబుతాడు. రాణి నమ్మదు. ఊరంతా కలిసి ఆమెను నమ్మిస్తుంది. చెలికత్తె వచ్చి పూలూ గాజులూ తీసేస్తుంది. చివరకు రాణి పాడుకుంటూ సముద్రంలోకి నడిచిపోతుంది.

రాణి పాట ఎవరు పాడతారని చూస్తే మాష్టారికి కుదిరింది నా గొంతు. నేను తంబురా మీటుతూ వెనకాల సన్నగా పాడుతుంటే విన్నారట. నేను వద్దన్నాను. కారణం చెప్పలేకపోయాను. ఆయన నా నొసటి వంక చూసి, “ఆలోచించుకోమ్మా,” అన్నారు. ఆలోచించుకుని ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నావంటే, పాడాలని ఉండింది. అంతకంటే పెద్ద కారణం లేదు.

చెలికత్తె వేషం జమ్మలమడుగు అమ్మాయిది. నా పక్క మంచమే. మొదటిసారి రంగులు పూసిన రోజు, కుంకుమ వేలికి అద్దుకుని నా ముందు నిలబడి, “పెట్టేదా?” అని అడిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఎవరో బంధువుల అమ్మాయిని చాన్నాళ్ళ తర్వాత చూసినట్టుంది.

విశ్వవిద్యాలయంలో ఆట బాగా నడిచింది. చూడటానికొచ్చిన ప్రొద్దుటూరు బట్టల వర్తకులు తమ ఊళ్ళో వెయ్యమన్నారు. అది తెలిసి జమ్మలమడుగు వాళ్ళూ, పులివెందుల వాళ్ళూ అడిగారు. పులివెందుల అంటే నా సంగతంతా ఎరిగిన ఊరు. అయినా వద్దనలేదు.

ప్రొద్దుటూరులో ఒక సత్రం ఆవరణలో అరుగు మీద వేశాం. పొద్దు గూకగానే పెట్రోమాక్సు లైట్లు వెలిగించి మొదలుపెట్టాం. ఆ ఊరి జనం తెల్లవార్లూ సాగే పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్ళు. గంటలో ముగిసే ఆట వాళ్ళకు వింత. నేను నీలిగుడ్డల సముద్రంలోకి నడిచి, చివరి చరణం పాడి, కూలిపోయి పడుకున్నాను. తెర దించబోతుంటే ముందు వరసల్లోంచి “వన్స్ మోర్!” అని కేక వచ్చింది. ఆ వెంటనే నాలుగు దిక్కులా అదే కేక.

మాష్టారు కంగారుగా ముందుకొచ్చి చేతులు జోడించారు. “అయ్యా, రాణి చనిపోయింది. చనిపోయిన మనిషి ఎలా పాడుతుందండీ?”

“లేపండప్పా!” అన్నాడు జనంలోంచి ఒకాయన. “ఇంగోసారి పాడి మళ్ళా సచ్చిపోతాది. ఏం పొయ్యింది?”

అందరూ గొల్లుమన్నారు. గుడ్డల కింద పడుకుని ఉన్న నాకూ నవ్వొచ్చింది. లేచి, జారిన పైట సర్దుకుని, ఆ చివరి పాట మళ్ళీ మొదటి నుంచి పాడాను. ఈసారి నవ్వినవాళ్ళే ఏడ్చారు. నా కళ్ళలోనూ నీళ్ళు కారాయి. ఎవరి కోసమని నన్నడిగితే చెప్పలేను. రాజు వేషం కట్టిన విద్యార్థి కోసం కాదు. వేముల పల్లెలో పోయిన ఆయన కోసమని లోకం అనుకోవచ్చు. కానీ పాదాలు తప్ప ఏమీ తెలియని మనిషి కోసం ఏడవడం ఎట్లా? వెతుకుతున్నకొద్దీ అక్కడ ఎవరూ లేరు. అంత జనంలో నాకంటే ఒంటరిది మరొకతె లేదనిపించింది.

జమ్మలమడుగులో ఆట హైస్కూలు ఆవరణలో. పెన్న మీది గాలికి తెర ఊరికే ఊగుతూ ఉండింది. ఆట ముగిశాక వేషాలతోనే చెలికత్తె అమ్మాయి వాళ్ళింటికి పోయాం. వాళ్ళమ్మ ఆట చూసి వచ్చి నా బుగ్గలు నిమిరి, “ఏం పాడినావు తల్లీ! నా గుండె కరిగిపొయ్యిందంటే నమ్ము,” అన్నది. నాకు తనే అన్నం వడ్డించింది. ఎప్పుడో కానీ దొరకని ఆదరణ అది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె పసుపూ కుంకుమా ఉన్న పళ్ళెం తెచ్చింది. కూతురికి బొట్టు పెట్టింది. మాతో వచ్చిన తంబురా మీటే అమ్మాయికి పెట్టింది. తర్వాత నా ముందుకొచ్చింది. ముఖం కడిగేసుకున్న నా నొసలు అప్పుడే చూసినట్టుంది. కుంకుమ అంటిన వేలు గాల్లో ఆగిపోయింది. ఆ వేలును ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. చివరకు తన నొసటికే మళ్ళీ అద్దుకుని, “పోయి రాండి, జాగ్రత్త,” అని లోపలికి పోయింది.

బస్సులో చెలికత్తె అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “మాయమ్మ తరపున నేను చెప్తాండా...” అని మొదలుపెట్టింది.

“వద్దులే,” అన్నాను. పులివెందుల వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం.

అన్న బస్సుల దగ్గరికే వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

“నువ్వు రాణి అంట గదా?”

“ఊ.”

“బొట్టు పెట్టుకొనే స్టేజీ ఎక్కుతావా?”

“రాణికి బొట్టు ఉంటుంది కదన్నా. మొదట్లో ఆమె భర్త బతికే ఉంటాడు.”

అన్న కండువాతో మెడ తుడుచుకున్నాడు. “నాకు కథ అర్థమైతాది మ్మే. ఊరికి ఎట్ల అర్థమయ్యేటట్టు చెప్పాల? నిన్ను సదివిస్తాండానని ఇప్పుటికే ఎన్ని మాటలు పడినానో నీకు తెల్దు. వద్దని నేను అనను. అన్నానంటే ఇన్నేండ్లు చేసిందంతా ఉత్తదైపోతాది. కానీ నేను రాను. మీ వదినా రాదు.”

ఆయన వెళ్ళిపోతుంటే వెనకనుంచి చూశాను. ఊరిని ఎదిరించి నిలబడినవాడు ఆ రోజు అలిసిపోయాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.

సాయంత్రం బడి గదిలో రంగులు పూసుకుంటుంటే చెలికత్తె అమ్మాయి కుంకుమ భరిణ దాచిపెట్టి, “ఈ ఒక్క ఊళ్ళో బొట్టు లేకుండానే ఎక్కు. మాష్టారికి నేను చెప్తా,” అన్నది. భరిణ తీసుకుని నేనే పెట్టుకున్నాను. భర్త పోయాక ఎప్పుడూ నా చేత్తో నేను పెట్టుకోలేదు.

తెర లేచింది. నేను అడుగు పెట్టగానే ఆడవాళ్ళ వైపునుంచి గుసగుస లేచి, చాపల మీదుగా పాకిపోయింది. “పంతులు సెల్లెలు గదూ?” “సూడు, ఎట్లుండాదో సూడు.” నాకు శ్రుతి తప్పిపోయింది. నోరు తెరిచానే కానీ గొంతు రాలేదు. వయొలిన్ వాయించే అబ్బాయి ఏమీ జరగనట్టు ఎత్తుగడ మళ్ళీ వాయించాడు. రెండోసారికి అందుకున్నాను. అప్పుడే చూశాను, ఆడవాళ్ళలో స్తంభానికి ఆనుకుని, తెల్లచీర ముసుగులో మా అత్త, నా భర్త తల్లి. వేముల నుంచి వచ్చినట్టుంది. పదేళ్ళ కింద నా గాజులు పగలగొట్టించినప్పుడు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆమే. ఆ తర్వాత మళ్ళీ కలవలేదు.

చెలికత్తె నా పూలు తీసే ఘట్టం వచ్చింది. మిగతా ఊళ్ళలో అది నాటకం. ఇక్కడ చూస్తున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు, ఇది నాకు ఒకసారి జరిగిందేనని. గుసగుసలు ఆగిపోయాయి. ఎవరిదో పసిబిడ్డ ఏడిస్తే తల్లి నోరు మూసింది. నా స్నేహితురాలు ఒక్క గాజు తీసి ఆగిపోయింది. ముఖారి రాగంలో ఉన్న ఆ ఏడుపు పాట పాడవలసింది ఆమె. ఆమె పాడలేకపోయింది. తన వంతు కూడా నేనే పాడాను. నా గాజులు నేనే తీసుకుని ఆమె చేతిలో పెట్టాను.

పులివెందులలో ఎవరూ వన్స్ మోర్ అనలేదు. చప్పట్లు కూడా కొట్టలేదు. తెర పడ్డాక జనం నెమ్మదిగా లేచి పోతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మాష్టారు ఆట పాడైందనుకున్నారు.

ముఖం కడుక్కోకముందే అత్త గది గుమ్మంలోకొచ్చి నిలబడింది. అందరూ బయటికి పోయారు. నేను చెంగుతో నుదురు తుడుచుకోబోయాను.

“ఉండనీలే మ్మే,” అన్నది. “నేనేం దానికి రాల్యా.” కింద కూర్చుని, కాళ్ళు చాపుకుంది. “ఆ రాణి యాలా సచ్చిపోయ?”

“కథ అంతే అత్తా.”

“రాసినాయప్ప మొగోడు గదా, అట్లే రాస్తాడు. నీళ్ళలో పడితే అయిపోయె. మర్నాడు లేసి పేడ ఎత్తాల, ఎనుముకు గడ్డెయ్యాల. అది యాడ రాసినాడు?” మా మామ పోయినప్పుడు ఆమెకు ముప్పై నిండలేదని నాకు తెలుసు. కొడుకు పోయింది ఆ తర్వాత.

అప్పుడు ఆమె నా వంక చూడకుండానే అన్నది: “మావోడుంటే నీ పాట ఇని ఎగిరి గంతేసుండేటోడు. వానికి పాటంటే శానా పిచ్చి. బాయికాడ నీళ్ళు తోడే కపిల తోలుతా పాడేటోడు. ఎద్దులు గూడా ఆ పాటకే నడుస్తాండె.”

నేను ఆమె దగ్గరికి జరిగాను. “ఆయన పాడేవారా?”

“నీకు ఎవురూ చెప్పల్యా?”

ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? ఇన్నేళ్ళూ ఆయన పేరు నా ముందు ఎత్తితే నేను బాధపడతానని అందరూ దాచారు. వాళ్ళ దయ వల్ల నాకు ఆయన పాదాలే మిగిలాయి. ఇప్పుడు ఉన్నట్టుండి, బావి గట్టున వెనక్కూ ముందుకూ ఎద్దులను తోలుకుంటూ పాడే ఒక యువకుడు కనిపించాడు. ముఖం ఇంకా లేదు, కానీ మనిషి ఉన్నాడు. మా అత్త ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఎవరి కోసమో తెలిసి ఏడ్చాను.

“ఏ పాట అత్తా?” అని అడిగాను చివరకు.

“నాకు పాటలు యాడొస్తాయి మ్మే? ఇనేదాన్ని, అంతే,” అని నా జుట్టు నిమిరి, ఊళ్ళో తన చెల్లెలింటికి పోయింది.

ఆ తర్వాత ఆ ఆట మళ్ళీ వెయ్యలేదు. మాష్టారికి వేరే ఊరు బదిలీ అయింది. అన్న ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేను చదువు ముగించుకుని ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉన్నాను. వేసవి సెలవుల్లో వేముల పోయి అత్త దగ్గర కొన్నాళ్ళు ఉండేదాన్ని. ఆమె ఒక్కొక్కటి చెప్పేది. ఆయనకు కొర్రన్నం ఇష్టమట. చీకటంటే భయమట. ఎడమచేత్తో రాసేవాడట.

అత్త పోయిన ఏడు, ఆ పల్లెలో పెద్దవాళ్ళను చాలామందిని అడిగాను, ఆయన ఏ పాట పాడేవాడని. గొర్రెలు కాసే ముసలాయన ఒకడు చాలాసేపు ఆలోచించి, “పాడేటోడు తల్లీ. ఆ చేను కాన్నుంచి ఈ చేనుకు ఇనపడేది. ఏం పాటో నేను పట్టించుకోల్యా,” అన్నాడు. ఆ బావి ఎండిపోయింది. గట్టు మీద కొంచెంసేపు కూర్చుని, ఎండ ఎక్కువవుతుంటే లేచి బస్సుకు నడిచాను.