ఏం తగ్గింది?

క్యాన్సర్ ఆసుపత్రి రికార్డుల గదిలో ఆయన్ని అందరూ టిక్కులాయన అంటారు. ఫారాల్లో గళ్లు చూసి టిక్కులు పెట్టడమే ముప్పై ఏళ్లుగా పని. మాటకారి. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూడలేదు. పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

ఏదో ఆకు కషాయం తాగితే గడ్డలు కరుగుతాయని ఊరంతా ఒకటే మాట. నిజమెంతో తేల్చాలని డాక్టరమ్మ, కషాయం తాగుతున్న పదకొండు మంది రోగుల ఇళ్లకు ఆయన్ని పంపింది. "ఎలా ఉందండీ?" అని అడిగాడు. ఏడుగురు "తగ్గిందండీ" అన్నారు. "గడ్డ తగ్గినదా?" అన్న గడిలో ఏడు టిక్కులు పడ్డాయి.

ఏడుగురికి గడ్డ తగ్గిందని ఆ సాయంత్రమే ఇంట్లో నోరు జారాడు. రొమ్ములో గడ్డకు అదే ఆసుపత్రిలో మందు ఎక్కించుకుంటున్న వదిన విన్నది. ఆమెకు సూదంటే హడలు. ఆమె చేతిలో కషాయం గ్లాసు చూసి, మంచిదేలే అనుకున్నాడు.

డాక్టరమ్మ ఫారాలు చూసేసరికి నెలన్నర పట్టింది. ఒక్కటే అడిగింది: "ఏం తగ్గింది?"

ఆయన ఫారాలు చంకన పెట్టుకున్నాడు. మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు.

"నొప్పి తగ్గిందన్నానండీ. మీ ఆసుపత్రి మాత్రలు కూడా మింగుతున్నాగా!" అంది వడ్రంగి భార్య.

"ఆకలి తగ్గిందయ్యా బాబూ! బాగైపోయిందని రాసేశావా? నీ కలంలో పంచదార పొయ్య!" అని నవ్వబోయి దగ్గాడు బస్సు డ్రైవరు.

ఏడుగురిలో ఒక్కరూ గడ్డ మాటెత్తలేదు.

తిరిగొచ్చి వదిన ఫైలు తీశాడు. రెండు గళ్లు ఖాళీ. రెండు విడతల మందు ఎగ్గొట్టింది. ఊరందరి గళ్లూ చూసేవాడికి ఇంటిమనిషివే కనబడలేదు.

ఇంటికెళ్లి చెప్పేశాడు: "నేను సరిగ్గా అడగలేదు వదినా. టిక్కు పెట్టేశాను."

ఆమె కషాయం గ్లాసు బోర్లించింది. "ఇంత చేదూ ఊరికే మింగానన్నమాట. సరే, సిగ్గు తర్వాత పడుదువుగాని, చెప్పులేసుకో. సూది గుచ్చేటప్పుడు నా చెయ్యి నువ్వే పట్టుకోవాలి."

గడ్డ పెరిగింది. ఆ కొలత ఫైల్లో ఎక్కించింది ఆయనే.

ఇప్పుడు ఆమె "ఇవాళ కాస్త తగ్గిందయ్యా" అంటే, "ఏం తగ్గింది వదినా?" అంటాడు.

"నీ మీద కోపం" అంటుందట.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.