థెల్మా అప్పగించని కోడి

ఇంగ్లండులో డరమ్ జిల్లా మాది. మా ఊళ్లో బొగ్గుగని మూతపడి చాలా ఏళ్లయింది గానీ, గనివాళ్ల పద్ధతులు ఊరి వెనక, కూరగాయలకీ కోళ్లకీ మడులుగా పంచిచ్చే అద్దె తోటల్లో ఇంకా బతికే ఉన్నాయి. పిలవనిదే ఒకరి మడిలోకి ఇంకొకరు అడుగుపెట్టరు, గేటు దగ్గరే నిలబడి మాట్లాడతారు. నలుగురి ముందు అన్న మాటకు తిరుగు లేదు. ఇక తిండి తినలేని కోడి ఎవరిదైనా సరే, ఆదివారం భోజనాలకు ముందు తోటల కమిటీలోని విల్ఫ్ చేతికి వెళ్లాలి. అతను మెడ విరుస్తాడు, దాని బాధ తీరుతుంది. కాదన్నవాళ్లను నేను చూడలేదు, థెల్మా అత్త అడ్డం తిరిగేదాకా.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు, పక్క మడి ఆవిడ. మా వీధిలో పెద్ద ఆడవాళ్లందరూ అత్తలే. గని క్యాంటీన్లో వడ్డించేది. నలభయ్యో ఏట ఒక పొద్దున లేచేసరికి మూతి ఎడమవైపు జారిపోయింది, మళ్లీ సరిగా రాలేదు. టీ తాగితే గడ్డం మీదికి కారేది. "జనం తినేచోట ఈ మొహం ఎందుకు?" అని మేనేజరు ఆమెను గిన్నెలు కడిగే గదిలోకి పంపాడు. మర్నాడు ఆమె మళ్లీ ముందుకొచ్చి గరిటె పట్టుకుంది. "ఈ మూతి చూడలేనివాడు పస్తుండొచ్చు" అందట. ఒక్కడూ పస్తుండలేదు.

మేబెల్ ఆమె కోడి. గోధుమరంగుది, వట్టి గయ్యాళి. చలికాలం చివర్లో కంచె తీగలో తల ఇరికించుకుని పైముక్కు కొన విరగ్గొట్టుకుంది. అరిగే దారి లేక కింది ముక్కు పారలా ముందుకు పెరిగిపోయింది. పాపం, నేల మీద గింజను పొడవడం, అది జారిపోవడం. రొమ్ము ఎముక చేతికి తగిలేంతగా చిక్కిపోయింది.

ఆ ఆదివారం విల్ఫ్ గేటు దగ్గరికి వచ్చాడు. వెనకాల మరో నలుగురు మగాళ్లు.

"ఇటివ్వు థెల్మా. దాన్నెందుకు ఏడిపిస్తావ్?"

"ఎవరేడుస్తున్నారయ్యా? అది నిన్ను తిడుతోంది. నీకు అర్థం కావట్లేదంతే."

"తినలేనిదాన్ని ఉంచుకోవడం పాపం."

"నా మూతీ వంకరే కదా. నా మెడ కూడా విరుస్తావా?"

మగాళ్లు నవ్వారు. విల్ఫ్ నవ్వలేదు. చెడ్డవాడేం కాదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. చెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు. దాంతో అత్తకు ఒళ్లు మండింది.

"వచ్చే ఆదివారానికి ఇది నేల మీద గోధుమలు ఏరుకు తింటుంది. తినలేదా, కోడినీ ఇస్తా, ఈ మడి తాళంచెవీ ఇస్తా" అనేసింది.

మొగుడు పోయాక ఆమెకు ఆ మడి తప్ప వేరే లోకం లేదు.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో మేబెల్‌ను తువ్వాలులో చుట్టి నా ఒళ్లో పెట్టింది. ముక్కు వెనక నుంచి టార్చి వేస్తే రక్తం ఆడే భాగం ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని తాకకుండా కొనను కొంచెం కొంచెంగా తీయాలి. కుక్కగోళ్లు తీసే కత్తెరతో రెండుసార్లు చక్కగా తీసింది. మూడోసారి ఆత్రపడింది. బల్ల మీద రక్తం పడింది.

"చాలత్తా, వదిలెయ్."

"గట్టిగా పట్టుకోవే పిల్లా. నా చేతులు వణికితే వణకనీ, నువ్వు వణక్కు."

నాకు యాభై దాటాయి, ఆమెకు ఇంకా పిల్లనే. కార్న్‌ఫ్లోర్ అద్ది వేలితో నొక్కిపట్టింది. రక్తం ఆగింది. తర్వాత గోళ్ల ఆకురాయితో అంచు గుండ్రంగా అరగదీసింది. వదలగానే మేబెల్ ఆమె బొటనవేలు కరిచింది.

"కరిచింది చూశావా? ఇక బతుకుతుంది" అని మురిసిపోయింది.

వారమంతా లోతైన కుండీలో ముద్దగా తడిపిన దాణా పెట్టింది. మేబెల్ మూతి ముంచి పారతో ఎత్తినట్టు తిన్నది. రొమ్ము మీద కండ పట్టింది. దానికి ఒక్కసారైనా నేల మీద గింజలు వేసి చూడాలని మాకు తట్టలేదు. తప్పు అక్కడే జరిగింది.

ఆదివారం అందరి ముందు గోధుమలు చల్లింది. మిగతా కోళ్లు ఎగబడ్డాయి. మేబెల్ గోధుమల వంక ఒకసారి చూసి, ఈకలు దులుపుకుని, అత్త కాళ్ల దగ్గరికొచ్చి కుండీ కోసం నిలబడింది. మహారాణికి నేల మీద తినడం నామోషీ అయింది.

"మాటన్నావు థెల్మా" అన్నాడు విల్ఫ్.

అత్త మొహం ఎర్రబడింది. "అన్నాను. మడి మాట నిలబెట్టుకుంటా. కోడి మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇది తింటోంది. ఎక్కడ తింటుందో మీకు నచ్చలేదని చంపనివ్వను. మాట తప్పిందని ఊరంతా చెప్పుకోండి."

తాళంచెవి అతని అరచేతిలో పెట్టింది. "మిగతా కోళ్లు నువ్వు చూసుకో పిల్లా" అని నాతో చెప్పి, మేబెల్‌ను చంకన పెట్టుకుని, చర్చి నుంచి జనం బయటికొస్తున్న పెద్ద వీధి గుండానే ఇంటికి నడిచింది. తల వంచలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇక కోడిగుడ్డు మీద ఈకలు పీక్కోండి" అని ఆ మగాళ్ల మొహం మీదే గేటు వేశాను.

ఆమె మడిని ఎవరూ తీసుకోలేదు. తీసుకోమంటే అందరూ నడుం నొప్పి అన్నారు. అక్కడ ముళ్లపొదలు లేచాయి. ఎండలు ముదిరాక ఒకరోజు అత్త పెరటి గేటు బయటికి విల్ఫ్ వచ్చి నిలబడ్డాడు, చేతిలో తాళంచెవి. అప్పటికి మేబెల్ ముక్కు మళ్లీ పెరిగింది. నేను తువ్వాలు పరుస్తున్నాను.

"కమిటీ ఇచ్చి రమ్మంది" అన్నాడు.

"కమిటీయా, నువ్వా?" అంది అత్త.

అతను టోపీ తీశాడు.

"సరే, లోపలికి రా. తాళంచెవి ఆ కిటికీలో పెట్టి చేతులు కడుక్కో. ఈ పిల్ల ఊరికే వణుకుతుంది. నువ్వు పట్టుకో, నేను కత్తిరిస్తా."

విల్ఫ్ కుర్చీలో కూర్చున్నాడు. ఊరి కోళ్లన్నీ ఏదో ఒకనాడు ఆ చేతుల్లోకి వెళ్లినవే. మేబెల్‌ను ఒళ్లోకి తీసుకోగానే, అలవాటు కదా, వేళ్లు నేరుగా మెడ మీదికి పోయాయి.

"అక్కడ కాదయ్యా, రెక్కల మీద" అంది అత్త, కత్తెర తీస్తూ.

విల్ఫ్ చెయ్యి కిందికి జరిపాడు.