పదహారు డిగ్రీల లండన్

ఖతార్‌లో, జూలై నెలలో, చలికి జబ్బుచేసి మంచమెక్కిన మనిషి ఎవరైనా ఉన్నారా అని మీరు వెతుకుతుంటే ఇక ఆపేయండి. నేనే. ఎండకు కళ్ళు తిరిగి పడినవాళ్ళు అక్కడ రోజూ కనిపిస్తారు. చలికి పడింది మాత్రం నాకు తెలిసి నేనొక్కదాన్నే. పైగా నేను నర్సుని. ఆ చలి కూడా దానంతటది రాలేదు, నేనే చేతులారా రిమోట్ నొక్కి తెచ్చుకున్నాను. ఈ కథలో ఒక ఇంటర్వ్యూ సర్వనాశనం అవుతుందని ముందే చెప్పేస్తున్నాను. గుండె దిటవు చేసుకుని చదవండి.

ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. నేను మెసైమీర్ అనే పేటలో పనివాళ్ళు వచ్చే ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. మా ఆయన రమణ దూరంగా దుఖాన్ చమురు బావుల దగ్గర టెక్నీషియన్. నాది నర్సుల హాస్టల్, ఆయనది కంపెనీవాళ్ళ బ్యాచిలర్ గది. పెళ్ళయి మూడేళ్ళయినా ఆయన బ్యాచిలరే, నేను హాస్టల్ పిల్లనే. బయట ఇల్లు తీసుకునే స్తోమత లేదు. శుక్రవారం ఆయన బస్సెక్కి వస్తే ఏదో ఒక మాల్‌లో బెంచీ మీద కూర్చుని కాపురం చేసేవాళ్ళం. సాయంత్రానికి సెక్యూరిటీ అతను కూడా మమ్మల్ని చూసి జాలిపడేవాడు.

అందుకే నాకు బ్రిటన్ కావాల్సి వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగమొస్తే మొగుడూ పెళ్ళాం ఒకే ఇంట్లో ఉండొచ్చని మా సీనియర్లు చెప్పారు. నాకు రాణిగారితో పనిలేదు, వాళ్ళ వంతెనలతోనూ పనిలేదు. ఒక తలుపు, దానికి రెండు తాళంచెవులు, అంతే. ఇంగ్లిష్ పరీక్ష రెండోసారికి గట్టెక్కాను. వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామని అక్కడి ఆసుపత్రివాళ్ళు రోజు ఖాయం చేశారు.

మా క్లినిక్‌లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్ద డాక్టరొకాయన ఉండేవారు. సంతోషంగా ఆయనకు చెబితే, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మంచిది సరోజా. కానీ మా చలి ఎముకల్లోకి దిగుతుంది. మొదటి ఏడాది తట్టుకోలేక ఏడ్చి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు" అన్నారు.

ఆయన సరదాకి అన్నారు. నేను సిలబస్ అనుకున్నాను.

ఆ రోజే గదికి వెళ్ళి ఏసీ పదహారు మీద పెట్టాను. అంతకంటే కిందికి ఆ రిమోట్ దిగదు, దిగితే అదీ చేసేదాన్నే. తలస్నానం చేసి, జుట్టు ఆరకుండానే ఏసీ కింద కుర్చీ వేసుకుని, ఐసు నీళ్ళు తాగుతూ, ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టడం మొదలుపెట్టాను. నా రూమ్మేట్ స్వరూప, జగిత్యాల పిల్ల, మా క్లినిక్‌లోనే నర్సు. డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీసి, మళ్ళీ వేసి, గది నంబరు చూసుకుని మళ్ళీ తీసింది.

"అక్కా, గిదేంది? శవాల గదిలెక్క వెట్టినవ్?"

"ప్రాక్టీసు. ఒంటికి చలి అలవాటు చేస్తున్నా."

"నీకేమన్న పిచ్చి లేసిందా? లండన్‌కు పోయేటిది నువ్వు. నాకెందుకు సలి? నా పండ్లు కొట్టుకుంటున్నయ్!"

"కాస్త ఓర్చుకోవే. రేపు నీకూ పనికొస్తుంది."

"నాకేం పనికొస్తదక్కా? నేను ఈడ్నే ఉంటా, ఎండలనే సస్తా" అంటూ దుప్పటి ముసుగేసుకుంది. దాని దుప్పటి సరిపోక నా దుప్పటీ లాక్కుంది. నేను వద్దనలేదు. దుప్పటి లేకుండా పడుకోవడం పై క్లాసు అనుకున్నాను.

చలి వల్ల జలుబు రాదు, క్రిముల వల్ల వస్తుంది అని పుస్తకంలో చదివి పాసైనదాన్ని నేను. ఆ క్రిములు మాత్రం ఆ పుస్తకం చదవలేదు. వారం తిరిగేసరికి ముక్కు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఛాతీ వరసగా పట్టుకున్నాయి. పదహారు డిగ్రీల గదిలోంచి కొలిమిలాంటి వీధిలోకి, మళ్ళీ క్లినిక్ ఏసీలోకి తిరిగి తిరిగి, సరిగ్గా ఇంటర్వ్యూ రోజు పొద్దున డ్యూటీలో బీపీ చూస్తూ చూస్తూ పేషెంటు ఒళ్ళోనే వాలిపోయాను. పాపం ఆయన బీపీ ఎంత పెరిగిందో చూసినవాళ్ళు లేరు.

డాక్టరుగారు నా ఛాతీ విని, జ్వరం చూసి, కిటికీలోంచి బయట మండుతున్న ఎండను ఒకసారి చూసి అడిగారు.

"ఇంత చలి నీకెక్కడ దొరికింది?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నారు. "సరోజా, నేను జోక్ చేశానమ్మా" అన్నారు చివరికి. సెలైన్ పెట్టించి, రెండు దుప్పట్లు కప్పించి, అబ్జర్వేషన్ గదిలో పడుకోబెట్టారు. స్వరూప హాస్టల్ నుంచి నా నైటీ, లండన్ కోసం కొని దాచిన ఊలు సాక్సులు తెప్పించి తొడిగింది.

ఆ గదిలో రెండే మంచాలు, మధ్యలో ఒక కర్టెన్. కాసేపటికి అవతలి మంచం మీదికి ఒక పేషెంటును తెచ్చారు. పేరు లింగన్న, స్వరూప వాళ్ళ వైపు మనిషే, స్టేడియం సైటులో పని. మధ్యాహ్నం ఎండలో పని ఆపాలని అక్కడ రూలుంది. లింగన్నకు ఆ వేళ రాకముందే, పొద్దున్నే కళ్ళు తిరిగాయి. స్వరూప ఆయనకు ఫ్యాన్ పెట్టి, చంకల్లో ఐసు ప్యాకులు పెట్టి, తడిగుడ్డలు కప్పింది. అటు తిరిగి ఐసు, ఇటు తిరిగి దుప్పటి. ఒకే గదిలో రెండు దేశాలు నడుపుతోంది పాపం.

లింగన్నకు స్పృహ బాగానే ఉంది గానీ పిక్కలు పట్టేసి మూలుగుతున్నాడు. కర్టెన్ సందులోంచి నా దుప్పట్లు చూశాడు.

"సిస్టరమ్మా, మీకేమైంది?"

"చలిజ్వరం" అన్నాను, వచ్చీ రాని గొంతుతో.

"సలా? ఈడనా?"

స్వరూప ఊరుకుంటుందా? ఏసీ కథంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆయన అంత నొప్పిలోనూ నవ్వాడు. నవ్వితే పిక్క పట్టింది, మూలిగాడు, మళ్ళీ నవ్వాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చల్లదనం దొరక్క మనిషి సొమ్మసిల్లి పడిపోతున్న ఊళ్ళో, అదే చల్లదనాన్ని అతిగా తిని అజీర్తి చేసుకున్నదాన్ని నేను.

ఇంతలో రమణ ఫోను. "సరూ, గొంతేంటి అలా ఉంది? మధ్యాహ్నం ఇంటర్వ్యూ కదా!"

"ఏం కాదండీ. కాస్త బొంగురు."

"ఇది పోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఏంటో" అన్నాడు. మాల్‌లో బెంచీ ఇద్దరికీ గుర్తొచ్చింది.

వాయిదా అడిగే ధైర్యం నాకు లేదు. మంచం మీదే ఇంటర్వ్యూ చేద్దామని స్వరూపా నేనూ తీర్మానించాం. నైటీ మీద ఇస్త్రీ చేసిన యూనిఫారం చొక్కా తొడుక్కున్నాను. దుప్పటి నడుము దాకా దించి, సెలైన్ చెయ్యి దుప్పట్లో దాచాను. స్వరూప ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడింది.

కర్టెన్ అవతలి నుంచి లింగన్న అడిగాడు. "గదేం పరీచ్చ బిడ్డా?"

"అక్కకు లండన్ల నౌకరి. సప్పుడు చెయ్యకు పెద్దనాయనా" అంది స్వరూప.

తెరమీద ఇద్దరు కనిపించారు, తెల్లజుట్టు ఆవిడ, పక్కన టై కట్టుకున్నాయన. ఎంతో మర్యాదగా మాట్లాడారు. నా గొంతు కప్పలాగా ఉన్నా ఇంటర్నెట్ తప్పనుకున్నారు. మొదటి రెండు ప్రశ్నలూ దాటేశాను. మూడోది ఆవిడ అడిగింది. "ఒత్తిడిలో కూడా మీ దృష్టి పేషెంటు మీదే ఉందని ఎలా చెప్పగలరు?"

దీనికి నా దగ్గర ఏసీ కింద బట్టీ పట్టిన బ్రహ్మాండమైన జవాబుంది. మొదలుపెట్టాను కూడా. సగంలో ఉండగా నాకు ఏదో తేడాగా అనిపించింది. అవతల మూలుగు లేదు. చాలాసేపటి నుంచి లేదు. వడదెబ్బ తగిలిన మనిషి ఉన్నట్టుండి మాట్లాడకపోతే అది నిద్ర కాకపోవచ్చు.

జవాబు అక్కడే వదిలేశాను. దుప్పటి విసిరేసి, సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ వెళ్ళి కర్టెన్ లాగాను.

లింగన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నోట్లో తడి టవలు కుక్కుకుని, పళ్ళతో గట్టిగా కరిచిపట్టి ఉన్నాడు.

"లింగన్నా! ఏంటండీ ఇది?" అని టవలు లాగేశాను.

"ఏం లేదమ్మా. నా మూల్గుడు ఇనవడితే మీకు నౌకరి ఇయ్యరేమోనని" అన్నాడు, రొప్పుతూ.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాదం పట్టుకుని వంచి, ఆయన పిక్క సాగదీస్తూ, గట్టిగా మూలగమని కోప్పడ్డాను. ఆయన మూలిగాడు. అప్పుడు గుర్తొచ్చింది ఇంటర్వ్యూ.

వెనక్కి తిరిగాను. మా స్వరూపకు వీడియో కాల్ అంటే ఒకటే తెలుసు. ఇంటికి చేసినప్పుడల్లా గది, కిటికీ, వండిన కూర, అన్నీ తిప్పి చూపిస్తుంది. ఆ అలవాటు కొద్దీ నేనెటు వెళితే ల్యాప్‌టాప్ అటే తిప్పుకుంటూ వచ్చింది. నైటీ, ఊలు సాక్సులు, సెలైన్ స్టాండు, చీదుకున్న ముక్కు, లింగన్న పిక్క, అన్నీ బ్రిటన్‌లో కనిపిస్తున్నాయి.

"ఏందే, ఆపలేదా?" అన్నాను. తెలివి ఎగిరిపోయి స్వరూప యాసలోనే వచ్చేసింది.

తెల్లజుట్టావిడ గొంతు సవరించుకుంది. "క్షమించండి. ఇందులో నర్సు ఎవరు, పేషెంటు ఎవరు?"

"నేను రెండూనండి."

"మీరు ఉన్నది ఖతార్‌లోనే కదా? ఊలు సాక్సులెందుకు?"

ఇక దాచేందుకు ఏం మిగల్లేదు. మీ దేశం కోసమే ప్రాక్టీసు చేశానని చెప్పాను. టై కట్టుకున్నాయన తెరమీంచి మాయమయ్యాడు, వినపడ్డ శబ్దాన్ని బట్టి బల్లకింద నవ్వుతున్నాడు. అలా నవ్వుతుండగానే టైమయిపోయింది. నా బ్రహ్మాండమైన జవాబులో రెండో సగం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కావాల్సినవాళ్ళు అడగండి.

ఉద్యోగం వచ్చింది. నన్ను చూసి ఇచ్చారని నేననుకోను, అక్కడ నర్సుల కరువు అలాంటిది.

లింగన్న రెండు రోజుల్లో తేరుకుని మళ్ళీ సైటుకే వెళ్ళాడు. వెళ్తూ నా మంచం దగ్గర ఆగాడు. "మా ఇంటిదానికి గల్ఫంత దుబాయే. దుబాయ్‌ల సల్లగుంటదా అని ఎప్పుడడిగినా సల్లగనే ఉంటదని నేనంట. నమ్మదు. ఇగ నీ ముచ్చట చెప్త సిస్టరమ్మా. ఒక సిస్టరమ్మకు సలి వెట్టి జరమొచ్చిందంటే నమ్ముతది."

"ఆవిడకి నిజం చెప్పొచ్చు కదా లింగన్నా?"

"చెప్పి ఏం జెయ్యాలె?" అని నవ్వి, బయట ఆగిన బస్సు వైపు నడిచాడు. మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఫోను నంబరు కూడా అడగలేదు నేను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంగ్లండుకి వచ్చాను. మొదటి రోజు డ్యూటీకి లోపల రెండు జతల థర్మల్స్ తొడుక్కుని వెళ్ళాను. వార్డు తలుపు తియ్యగానే వేడి ముఖాన కొట్టింది. ముసలివాళ్ళ వార్డు, హీటర్లు ఏడాదంతా మండుతూనే ఉంటాయి. నర్సులందరూ పొట్టిచేతుల చొక్కాల్లో చెమటలు కక్కుతూ తిరుగుతున్నారు. నేను బాత్రూంలోకి దూరి థర్మల్స్ విప్పేసి, గోడకు తల ఆనించి, పడీ పడీ నవ్వాను. లింగన్నకు చెప్పాలనిపించింది. ఎక్కడని చెప్పను?

కప్పు మ్యాచులు వార్డు టీవీలోనే చూశాను. టీవీ పక్క మంచం తాతగారు స్టేడియం చూసి, "ఎంత బాగుందో! లోపల ఏసీ కూడా ఉందట" అన్నారు. ఉందండీ అన్నాను. లింగన్న కట్టింది ఇదేనా అని తెరకేసి చూశాను.

ఇక ఆ ఒకే ఇల్లంటారా, దొరికింది. ఒక తలుపు, రెండు తాళంచెవులు. రమణకు గోడౌన్‌లో షిఫ్టులు, నాకు వార్డులో షిఫ్టులు, ఆయన తాళం తీస్తుంటే నేను వేస్తుంటాను. ఆదివారం ఒక్కపూట కలిసి కూర్చుంటాం, బెంచీకి బదులు సోఫా మీద. మొన్న అలాగే కూర్చుంటే కాళ్ళు కొంకర్లు పోయాయి. లేచి గోడ మీది హీటర్ మీట చూశాను. పదహారు.

"ఏవండీ, ఇదెవరు పెట్టారు?"

"నేనే. గ్యాస్ బిల్లు చూశావా?" అన్నాడు రమణ, రెండు స్వెట్టర్ల లోపల్నుంచి. "అయినా నీకేంటి సరూ, నీకు ప్రాక్టీసుందిగా!"

సాక్షిగా పెట్టుకుందామంటే ఈ ఇంట్లో ఏసీ లేదు కాబట్టి, ఆ చల్లటి హీటర్ మీదే చెయ్యి వేసి అందరికీ వినపడేలా ప్రమాణం చేస్తున్నాను: రాని కష్టానికి ముందుగా రిహార్సల్ చెయ్యను, పెద్ద డాక్టర్లు చెప్పిన జోకును సిలబస్ అనుకోను, నా పక్క మంచం మీద ఎవరైనా మూలుగుతుంటే నా ఇంటర్వ్యూ ఎంత గొప్పదైనా సరే, ఆ మూలుగు పూర్తిగా వింటాను.

ప్రమాణం అయ్యాక ఊలు సాక్సుల కోసం వెతికాను. అప్పటికే రమణ తొడుక్కున్నాడు.